అంగన్‌వాడీ బడి, ఇంటి చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు, వాళ్లను చూసుకునే అమ్మమ్మలు, నాయనమ్మలు, ఊళ్లో పిల్లల కోసం ఏదైనా చేద్దామనుకునే మహిళా సంఘాల సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్నలను ఒకచోట పెట్టాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటినీ దృష్టిలో పెట్టుకున్నాం. పథకాల పేర్లు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి కాబట్టి పేర్ల మీద కంటే అక్కడ జరిగే పని మీదే ఎక్కువ రాశాం.

అంగన్‌వాడీ అంటే గుడ్లు, పాలు ఇచ్చే చోటే కదా? అక్కడ చదువు కూడా ఉంటుందా?

ఉంటుంది. ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) అని మనం పిలిచే పథకం 1975 అక్టోబర్ 2న దేశంలోని 33 బ్లాకుల్లో మొదలైంది. దానిలో ఆరు సేవలున్నాయి: పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం, పోషణ గురించి చెప్పడం, మూడేళ్లు నిండిన పిల్లలకు ఆటపాటలతో బడి. తిండి కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరికీ అదే గుర్తుండిపోయింది. బడి సంగతి అడిగేవాళ్లు తక్కువ. అడగనిచోట ఏ సేవైనా పలచబడుతుంది.

ఇప్పుడు దీనికి ఒక పాఠ్య ప్రణాళిక కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023లో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణా, చదువూ రెండూ) కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఆ తర్వాత మూడు నుంచి ఆరేళ్ల వారికి ‘ఆధారశిల’, మూడేళ్లలోపు వారికి ‘నవచేతన’ తెచ్చింది. ఆధారశిల 48 వారాల ప్రణాళిక. మొదటి నాలుగు వారాలూ పిల్లలు అమ్మను వదిలి కూర్చోవడానికి, కొత్త చోటికి అలవాటుపడడానికే. ఈ నాలుగు వారాలు చాలా విలువైనవి. జూన్‌లో పిల్లవాడు ఏడుస్తున్నాడని రెండో రోజే ఇంటికి తీసుకుపోయి, మళ్లీ సంక్రాంతి తర్వాత పంపే ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి ఆ తొందర పడకండి.

ఏ వయసులో పంపాలి? డబ్బు కట్టాలా? ఆధార్ లేకపోతే చేర్చుకోరా?

మూడేళ్లు నిండితే బడికి పంపొచ్చు. డబ్బు ఏమీ కట్టనవసరం లేదు. పిల్లలకు ఆధార్ లేకపోతే తల్లి ఆధార్‌తో పేరు నమోదు చేస్తారు. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఆరేళ్ల వరకు వయసుకు తగిన ఆహారం అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఇవ్వాలని 2013 ఆహార భద్రతా చట్టంలోనే రాసి ఉంది. బడికి వచ్చే మూడేళ్ల పైబడిన పిల్లలకు రోజుకు ఎన్ని కేలరీలు, ఎన్ని మాంసకృత్తులు అందాలో కూడా ప్రభుత్వం కొలత పెట్టింది. ఇది మీ బిడ్డ హక్కు. ఎవరి దయా కాదు.

ప్రైవేటు బడిలో ఎల్‌కేజీకి పంపితే ఇంగ్లీషు వస్తుంది. అంగన్‌వాడీలో ఏమొస్తుంది?

మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పొలం పని చేసి, అప్పు చేసి, పసుపుపచ్చ బస్సెక్కించే తల్లిదండ్రుల ఆశ మాకు అర్థమవుతుంది. ఆ ఆశను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే మూడేళ్ల పిల్లవాడికి ఏం కావాలో ఒకసారి చూడండి. వాడికి మాటలు కావాలి. తను చెప్పింది వినేవాళ్లు కావాలి. పరుగెత్తడానికి చోటు, తోటి పిల్లలు, వేళకు తిండి, మధ్యాహ్నం కునుకు కావాలి. బెంచీ మీద ఐదు గంటలు కదలకుండా కూర్చుని ‘ఏ ఫర్ యాపిల్’ వల్లించే పిల్లవాడికి ఇంగ్లీషు రాదు, వల్లించడం వస్తుంది. ఇంగ్లీషు రావాలంటే ఆ భాషలో తనతో మాట్లాడే మనిషి ఉండాలి. చిన్న ఊళ్లలోని చాలా ఎల్‌కేజీల్లో అలాంటి మనిషి ఉండరు.

అందుకని అంగన్‌వాడీ అయినా, ప్రైవేటు బడి అయినా ఒక పూట వెళ్లి కూర్చుని చూడండి. పిల్లలు మాట్లాడుతున్నారా, టీచర్ ఒక్కరే మాట్లాడుతున్నారా? చేతులతో తాకడానికి గింజలు, దిమ్మలు, రంగులు, బొమ్మల పుస్తకాలు ఉన్నాయా? అవి పిల్లల చేతికి అందుతున్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? బొమ్మల పెట్టె నలగకుండా కొత్తగా మెరుస్తుంటే దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదని అర్థం. ఈ మూడు విషయాలు బాగున్న చోట చేర్చండి. ఫీజు ఎక్కువైతే చదువు బాగుంటుందన్న లెక్క ఈ వయసుకు అసలు పనికిరాదు.

జాతీయ విద్యా విధానం 2020లో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా, అంటే రెండో తరగతి వరకు ఒకే దశగా లెక్కేశారు. అంగన్‌వాడీలోని మూడేళ్లూ ఒకటో తరగతికి పునాది అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. తెలంగాణలో ‘అమ్మ మాట అంగన్‌వాడీ బాట’ పేరుతో ఇంటింటికీ తిరిగి పిల్లలను చేర్పించే కార్యక్రమం చేస్తున్నది కూడా ఇందుకే.

నాలుగేళ్లు నిండినా మా వాడికి అ ఆలు రాయడం రాలేదు. పలక పట్టుకుంటే ఏడుస్తాడు. ఏం చేయాలి?

పలక పక్కన పెట్టండి. వాడి వేళ్లు ఇంకా సిద్ధం కాలేదు. మన అక్షరాలన్నీ గుండ్రంగా తిరుగుతాయి. ‘ఆ’ రాయాలన్నా, ‘ఋ’ రాయాలన్నా మణికట్టు ఆడాలి, వేళ్లు ఒక దగ్గరికి రావాలి. ముందు బంకమట్టి పిసకనివ్వండి. చిక్కుడుకాయలు ఈనె తీయనివ్వండి, పల్లీలు వలవనివ్వండి, పూలు గుచ్చనివ్వండి. ఇసుకలో వేలితో గీతలు, సున్నాలు గీయించండి. నాయనమ్మ వాకిట్లో ముగ్గు పెడుతుంటే పక్కన కూర్చోబెట్టి చుక్కలు లెక్కపెట్టించండి. చుక్కకూ చుక్కకూ మధ్య గీత తిప్పడం చూసిన పిల్లలకు అక్షరం మలుపు తొందరగా అందుతుంది.

చదవడానికి రాత కంటే ముందు చెవి తయారవ్వాలి. మాటలో ఎన్ని ముక్కలున్నాయో పిల్లలకు వినపడాలి. ‘అ-ర-టి’ అంటూ మూడు చప్పట్లు, ‘ఆ-వు’ అంటూ రెండు చప్పట్లు కొట్టించండి. ‘క’తో మొదలయ్యేవి ఇంట్లో ఏమున్నాయో వెతకమనండి: కత్తి, కళాయి, కవ్వం, కర్ర. చివరి అక్షరంతో కొత్త మాట చెప్పే ఆట ఆడండి. మన లిపి మాటను ఇలాగే ముక్కలుగా పట్టుకుంటుంది కాబట్టి ఈ ఆటలు ఆడిన పిల్లలకు గుణింతాలు వచ్చేసరికి కొత్తగా అనిపించదు. రాత ఐదేళ్ల తర్వాత నేర్పితే సులువుగా వస్తుంది. వసంత పంచమికి అక్షరాభ్యాసం చేయించిన మర్నాటి నుంచే రోజూ పేజీలు నింపాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

నాకే చదువు రాదు. నేను నా బిడ్డకు ఏం నేర్పగలను?

చాలా నేర్పగలరు. ఈ ప్రశ్న అడిగే అమ్మలు గొంతు తగ్గించి అడుగుతారు. అలా అడగాల్సిన అవసరం లేదు.

బిడ్డకు చదువు తలకెక్కడానికి కావలసిన మొదటి సరుకు మాటలు. తెలిసిన మాటలు ఎన్ని ఎక్కువుంటే, పుస్తకంలో ఆ మాట కనిపించినప్పుడు అర్థం అంత తొందరగా తడుతుంది. ఆ మాటలన్నీ మీ దగ్గర ఉన్నాయి. విత్తనాల పేర్లు, చేపల పేర్లు, చుట్టరికాలు, కూరల్లో వేసే దినుసులు, వానల్లో ఉండే తేడాలు, సామెతలు, పొడుపు కథలు, జోలపాటలు, మీ అమ్మమ్మ చెప్పిన రాకుమారుడి కథలు. ఇవేవీ ఒకటో తరగతి వాచకంలో దొరకవు.

పద్ధతి ఒకటే. బిడ్డ ఒక మాటంటే మీరు దానికి ఇంకో నాలుగు మాటలు కలిపి తిరిగి ఇవ్వండి. వాడు ‘కుక్క’ అన్నాడనుకోండి. ‘అవును, నల్ల కుక్క. ఎండకు నాలుక బయటపెట్టి రొప్పుతోంది. దానికి దాహం వేస్తోందేమో, ఏం చేద్దాం?’ అనండి. అని ఆగండి. వాడు ఆలోచించుకునేంత సేపు ఆగడం అన్నిటికంటే కష్టమైన పని. ‘కూర్చో, తిను, రా, వద్దు’ ఈ నాలుగు మాటలతోనే రోజంతా గడిచిపోయే ఇళ్లున్నాయి. పనుల ఒత్తిడిలో అలా జరుగుతుంది. నీళ్లు పోసేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు మాట్లాడితే చాలు. దీనికి వేరే సమయం అక్కర్లేదు.

పుస్తకం కూడా మీకు దూరం కాదు. అక్షరాల్లేని బొమ్మల పుస్తకాలు ఉంటాయి. బొమ్మ చూపించి కథ మీరే కట్టండి. నిన్న చెప్పిన కథకూ ఇవాళ చెప్పిన దానికీ తేడా ఉంటే పిల్లలే పట్టుకుని సరిచేస్తారు. పెద్ద కూతురు మూడో తరగతి చదువుతుంటే ఆ పిల్ల చదువుతుంది, మీరూ చిన్నవాడూ పక్కపక్కన కూర్చుని వినండి. మీరు వింటున్నారంటే చదివే పిల్లకు కూడా పట్టుదల వస్తుంది.

మాకూ చదువుకోవాలని ఉంది. పెద్దవాళ్లకు నేర్పే ఏర్పాట్లు ఉన్నాయా?

ఉన్నాయి. 15 ఏళ్లు దాటి, చదవడం రాయడం రాని వారి కోసం 2022 నుంచి 2027 వరకు ‘ఉల్లాస్’ పేరుతో జాతీయ కార్యక్రమం నడుస్తోంది. జీతం లేని వాలంటీర్లే నేర్పుతారు. ఊళ్లో డిగ్రీ చదివే అమ్మాయి కావచ్చు, రిటైరైన మాస్టారు కావచ్చు. చివర్లో చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కులకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. తెలంగాణలో స్వయం సహాయక సంఘాల మహిళల కోసం దీన్ని ‘అమ్మకు అక్షరమాల’ అనీ, ఆంధ్రప్రదేశ్‌లో ‘అక్షర ఆంధ్ర’ అనీ పిలుస్తున్నారు. మీ గ్రామ సమాఖ్య వాళ్లనో, ఊరి బడి హెడ్మాస్టర్‌నో అడిగితే పేరు రాసుకుంటారు.

పెద్దల చదువు ఎలా ఉండాలో నెల్లూరు జిల్లా మనకు ముందే చూపించింది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రి బడుల వాచకంలో సారా వల్ల చితికిపోయిన ఒక ఇల్లాలి కథ పాఠంగా ఉండేది. ఆ పాఠం తమ ఇంటి సంగతే అని ఆడవాళ్లకు తోచింది. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు 1992లో ఊళ్లోని సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరాటం జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించాల్సి వచ్చింది. తమ బతుకు కనిపించే పాఠమైతే అలసిపోయిన మనిషి కూడా రాత్రి ఎనిమిది గంటలకు వచ్చి కూర్చుంటుంది. ‘అమ్మ, ఆవు’తో మొదలుపెడితే రెండో వారానికి రాదు.

అందుకని మీ ఊళ్లో నేర్పేవాళ్లకు మా మాట: ముందు ఆమె పేరు, తర్వాత పిల్లల పేర్లు, ఆ తర్వాత సంఘం పొదుపు పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం, బిడ్డ టీకాల కార్డు. కార్డులో బరువు గీత పైకి పోతోందా, కిందికి దిగుతోందా అన్నది తల్లి తనే చూసుకోగలిగితే, తల్లి చదువూ బిడ్డ ఆరోగ్యమూ రెండూ అక్కడే కలుస్తాయి. తల్లుల తరగతినీ పిల్లల కథల వేళనూ ఒకే గదిలో, ఒకే పూట పెట్టండి. పిల్లలను ఎవరికి వదిలి రావాలన్న బెంగ లేకపోతే తల్లులు మానరు.

నాన్నలూ, తాతలూ ఏం చేయాలి?

ఇదే పని. సమావేశాలను ‘తల్లుల సమావేశం’ అని పిలవడం వల్ల నాన్నలు గుమ్మం బయటే ఆగిపోతున్నారు. కథ చెప్పడానికి మీసం అడ్డం రాదు.

మేం ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటాం. బిడ్డతో తెలుగు మొదలుపెట్టాలా?

వద్దు. ఇంట్లో లంబాడీయే మాట్లాడండి. కోయ, గోండి, సవర, కువి, ఉర్దూ, ఏదైనా అంతే. తల్లికి సరిగా రాని భాషలో బిడ్డతో మాట్లాడితే మాటలు తగ్గిపోతాయి, కథలు ఆగిపోతాయి. ఒక భాషలో గట్టిపడిన పిల్లలు రెండో భాషను సులువుగా అందుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల మొదట్లోనే ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, మొదటి తరగతుల వాచకాలు తయారుచేసి బడుల్లో వాడారు. తండాలో, గూడెంలో అంగన్‌వాడీ టీచర్‌కు ఆ భాష రాకపోతే ఊళ్లోని ఒక అవ్వను వారానికి రెండు రోజులు రమ్మనండి. పిల్లల మాటలు టీచర్‌కు, టీచర్ మాటలు పిల్లలకు ఆమె అందిస్తుంది.

ఫోన్‌లో పాటలు చూస్తే మాటలు రావా?

రెండేళ్లలోపు వారికి అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట కూడా పక్కన కూర్చుని, చూసినదాని గురించి మాట్లాడితేనే ఉపయోగం. అన్నం తినేటప్పుడు మాత్రం ఫోన్ చేతికివ్వకండి. ఇంట్లో మాటలు ఎక్కువగా దొర్లే వేళ అదే.

పిల్లల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? కొనే స్తోమత లేదు.

ముందు మీ మండలంలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. ఆ లెక్కన ఆ పుస్తకాలకు మీరు ఎప్పుడో డబ్బు కట్టేశారు. బాలల విభాగం ఎక్కడుందని అడగండి, లేదంటే పెట్టమని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ రాయండి. 1914లోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా పుస్తకాలు తిప్పిన చరిత్ర మనది. ఇవాళ మండల గ్రంథాలయంలో మూడేళ్ల పిల్లలకు చాప వేసిన మూల ఒక్కటి లేకపోవడం బాధాకరం.

ఫోన్ ఉంటే ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. దించుకుని అచ్చు వేసుకోవచ్చు, వాటిని పంచుకోవడానికి అనుమతి ఉంది. కొనగలిగితే ‘మంచి పుస్తకం’, నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురణలు చవక. ఏమీ లేకపోతే మీరే తయారుచేయండి: అగ్గిపెట్టెలు, సబ్బు కాగితాలు, విత్తనాల సంచుల మీది బొమ్మలు కత్తిరించి, అట్టల మీద అంటించి, దారంతో కుట్టండి. తెలిసిన వస్తువు బొమ్మ పక్కన తెలిసిన పేరు కనిపిస్తే పిల్లలు దాన్ని వదలరు.

మా సంఘం తరఫున ఊళ్లో కథల వేళ పెట్టాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

చిన్నగా మొదలుపెట్టండి. వారానికి ఒక పూట, ఎప్పుడూ ఒకే రోజు, ఒకే చోట. అంగన్‌వాడీ గదో, రామాలయం అరుగో, చెట్టు కిందో. పదిమంది పిల్లలు, వాళ్లతో వచ్చే పెద్దవాళ్లు చాలు. పెద్దవాళ్లు పిల్లలను దింపి పోకుండా పక్కన కూర్చోవాలన్నది ఒక్కటే నియమం. ఇక్కడ నేర్చుకోవలసింది పెద్దవాళ్లే. మిగతా ఆరు రోజులూ పిల్లలుండేది వాళ్లతో.

మొదట ఒక పాట, చేతులతో అభినయం. తర్వాత ఒక కథ, ఒకటే. మధ్యలో ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగండి. పిల్లలు ఏం చెప్పినా తప్పనకండి. కథ అయ్యాక మట్టో, రంగులో, ఆకులో చేతికివ్వండి. చివర్లో ప్రతి ఇంటికీ ఒక పుస్తకం వారం రోజులకు ఇచ్చి పంపండి. చిరిగిపోతుందన్న భయంతో పుస్తకాలు దాచిపెట్టే చోట ఈ కార్యక్రమం నడవదు. చిరిగిందంటే చదివారనే. జిగురు తెచ్చి అతికించండి.

కోతలు, నాట్ల రోజుల్లో జనం రారు. ఆ నెలల్లో పొద్దుగూకాక పెట్టండి, లేదంటే ఆపి మళ్లీ ఎప్పుడో ముందే చెప్పండి. అంగన్‌వాడీ టీచర్‌ను మొదటి రోజు నుంచి కలుపుకోండి. ఆమె పనికి ఇది పోటీ అనిపించకూడదు.

మూడేళ్లు వచ్చినా మా పాపకు మాటలు రావడం లేదు. ఆగి చూడమంటున్నారు. ఆగొచ్చా?

ఆగకండి. ‘వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి’ అన్న మాట మీద ఏడాది గడిపేయొద్దు. రెండేళ్లకు రెండేసి మాటలు కలిపి అనకపోయినా, పిలిస్తే పలకకపోయినా చూపించాలి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకే వచ్చి పిల్లలను చూస్తాయి. అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. అక్కడ పరీక్షలు, స్పీచ్ థెరపీ ఉచితం. తొందరగా తెలిస్తే చేయగలిగింది చాలా ఉంటుంది.

ఏటా ఆరు నెలలు ఇటుక బట్టీల పనికి వలస వెళ్తాం. పిల్లల సంగతి?

వెళ్లే ముందు అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి. పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీ పిల్లల వివరాలు ఎక్కించే యాప్‌లో) పేరు ఉంటే, వెళ్లిన చోటి కేంద్రానికి మార్చుకునే వీలుంది. టీకాల కార్డు, రెండు పుస్తకాలు మూటలో పెట్టుకోండి. బట్టీ దగ్గర కేంద్రం లేకపోతే అక్కడి సూపర్‌వైజర్‌నో, సర్పంచ్‌నో అడగండి.

అమెరికాలో ఉన్నాం. బాబుకు తెలుగు చదవడం ఎలా అలవాటు చేయాలి?

పైన అమ్మలకు చెప్పిందే మీకూ: ముందు మాట, తర్వాతే అక్షరం. ఇంట్లో తెలుగు మాట్లాడకుండా వారాంతపు తరగతి మీదే భారం వేస్తే నిలవదు. ఇంట్లో మాట కుదిరాక, 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి తెలుగు బడులు బాగా ఉపయోగపడతాయి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో పసిపిల్లల కథల వేళ ఉంటుంది, ఉచితం. తెలుగులోనూ ఒకటి పెడదామని లైబ్రేరియన్‌ను అడగండి, ఆ భాష వాళ్లు ముందుకొస్తే చాలా లైబ్రరీలు ఒప్పుకుంటాయి. ఊళ్లో ఉన్న అమ్మమ్మతో రోజూ వీడియో కాల్‌లో ‘తిన్నావా, పడుకున్నావా’తో ఆపకుండా ఒక కథ చెప్పించండి.

మా అంగన్‌వాడీలో బడి సరిగా నడవడం లేదు. ఎవరిని అడగాలి?

ముందు టీచర్‌తోనే మాట్లాడండి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. చాలా చోట్ల ఒక టీచర్, ఒక ఆయా కలిసి వంట, బరువులు తూచడం, ఇంటింటి సందర్శన, రిజిస్టర్లు, ఫోన్‌లో ఫొటోల నమోదు అన్నీ చేస్తున్నారు. యాప్‌లో పోషణకు సంబంధించిన అంకె ఎక్కకపోతే పైనుంచి ఫోన్ వస్తుంది, కథ చెప్పకపోతే ఎవరూ ఫోన్ చేయరు. ఈ తూకం మారాలని మేం గట్టిగా నమ్ముతున్నాం. తల్లులు రోజుకొకరు చొప్పున వంతు వేసుకుని గంటసేపు పిల్లల దగ్గర కూర్చుంటే ఆమెకు చేయి ఖాళీ అవుతుంది.

అప్పటికీ కేంద్రం తెరవకపోయినా, సరుకులు సరిగా అందకపోయినా సెక్టార్ సూపర్‌వైజర్‌కు, ఆ పైన సీడీపీవోకు (శిశు అభివృద్ధి పథకం అధికారికి) రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్కరు కాకుండా పదిమంది తల్లుల సంతకాలతో ఇవ్వండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు. గ్రామసభలో కూడా ఈ విషయం లేవనెత్తి, తీర్మానం పుస్తకంలో రాయించి, నకలు తీసుకోండి.